లెక్కలోకి రాని సాక్షి
(స్మారకోపన్యాస పాఠం)



మా బాపట్ల మాస్టారి పేరు మీద ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ఈసారి నేరకథ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మీకు నచ్చిన రచయితలెవరు, సినిమాలేవి, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారో చెప్పమన్నారు నిర్వాహకులు. పేర్లు చదువుకుంటూ పోతే ఈ పూట చాలదు. పైగా ఇన్నేళ్ళుగా చదివిందీ చూసిందీ కలిపి చూసుకుంటే, అందరి దగ్గరా నేను నేర్చుకున్న సంగతి ఒకటే. నేరం జరిగిన చోట అందరి కళ్ళెదుటా తిరుగుతూ, ఎవరి లెక్కలోకీ రాని మనిషి ఒకరుంటారు. ఆ మనిషిని చూడగలిగిన కథలే నన్ను రచనలోకి లాగాయి.

ఇంగ్లీషు రచయిత చెస్టర్టన్ రాసిన ఫాదర్ బ్రౌన్ డిటెక్టివ్ కథల మొదటి సంపుటి 1911లో వచ్చింది. అందులో ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ అని ఒక చిన్న కథ. లండన్‌లో ఒక ధనవంతుడికి బెదిరింపు ఉత్తరాలు వస్తుంటాయి. అతను ఉండే భవనం చుట్టూ నలుగురిని కాపలా పెడతారు. కాసేపటికి వచ్చి అడిగితే, ఒక్క పురుగు కూడా లోపలికి పోలేదని నలుగురూ ఒట్టేసి చెబుతారు. గుమ్మం ముందు మంచులో మాత్రం అడుగుల గుర్తులుంటాయి. పైన గదిలో మనిషి ఉండడు, నెత్తురు ఉంటుంది. వచ్చింది పోస్ట్‌మన్. నలుగురూ అతన్ని చూశారు. చూసినవాళ్ళెవరూ అతన్ని ‘ఒక మనిషి’గా లెక్కవేయలేదు. శవాన్ని ఉత్తరాల సంచీలో వేసుకుని, వాళ్ళ ముందు నుంచే నడుచుకుంటూ పోయాడు.

ఈ కథను కిటుకు కోసం మెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను మెచ్చుకునేది ఇంకో సంగతికి. చనిపోయిన ధనవంతుడు డబ్బు సంపాదించింది యంత్రాల పనివాళ్ళను తయారుచేసి అమ్మి. నోరెత్తని, జీతమడగని, తల కూడా లేని నౌకర్లతో అతని ఇల్లు నిండి ఉంటుంది. పనిచేసే మనిషి ముఖం చూడాల్సిన అవసరమే లేకుండా చేసుకున్నవాణ్ణి, ముఖం ఎవరూ చూడని మనిషి చంపాడు. చెస్టర్టన్ దీన్ని ఎక్కడా విప్పి చెప్పలేదు. గదిలో ఆ యంత్రాలను వరసగా నిలబెట్టి ఊరుకున్నాడు.

ఇవాళ పొద్దున్నించీ మీ ఇంటికి ఎవరొచ్చారని అడిగితే మనమంతా ఎవరూ రాలేదనే అంటాం. పాలపాకెట్లు వేసిన కుర్రాడు, చెత్త బుట్ట ఎత్తుకెళ్ళిన ఆవిడ, గ్యాస్‌బండ మోసుకొచ్చినతను, కొరియరు, కింద కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ భార్య, వీళ్ళెవరూ మనకు గుర్తుండరు. అబద్ధమాడాలని కాదు. మన లెక్కలో ‘రావడం’ అంటే చుట్టాలూ స్నేహితులూ రావడమే.

బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ 1932లో బ్యోమ్‌కేశ్ బక్షీని సృష్టించాడు. ఆ తొలినాళ్ళ కథ ‘పథేర్ కాంటా’లో కలకత్తా నడివీధుల్లో పట్టపగలు డబ్బున్నవాళ్ళు కుప్పకూలి చచ్చిపోతుంటారు. చూస్తే ఒంట్లో గ్రామఫోను ముల్లు దిగి ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. అది వచ్చింది సైకిల్ బెల్లులోంచి. ఆ రోజుల్లో బజారులో సైకిల్ బెల్లు మోగితే తల తిప్పి చూసేదెవరు? పక్కకు తప్పుకుంటారు, అంతే. 1993లో దూరదర్శన్‌లో బాసు చటర్జీ తీసిన సీరియల్ ద్వారా మన ఇళ్ళలో చాలామందికి బ్యోమ్‌కేశ్ తెలుసు. రజిత్ కపూర్ ఆ పాత్రను గొంతు పెంచకుండా చేశాడు. బ్యోమ్‌కేశ్‌కు డిటెక్టివ్ అనిపించుకోవడం ఇష్టముండదు, సత్యాన్వేషి అనే చెప్పుకుంటాడు. ధోవతి కట్టుకుని మామూలుగా ఉండే మనిషి కాబట్టి, మామూలు మనుషులు అతనితో మాట్లాడతారు.

ఇక్కడ మాస్టారి గురించి చెప్పాలి. ఆయన బాపట్లలో పగలు బళ్ళో లెక్కలు చెప్పి, సాయంత్రాలు అద్దె పుస్తకాల షాపు నడిపేవారు. ఒకటే గది, మూడు గోడలకూ చెక్క అరలు, ప్రతి పుస్తకానికీ ఖాకీ అట్ట, అట్ట మీద నంబరు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అరల్లో ఉండేవి కావు, ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉండేవి. గిట్టనివాడు ఎవడో చదివేసి, పదో పేజీ అంచున హంతకుడి పేరు రాసి తిరిగిచ్చేవాడు. మాస్టారు కోపగించుకునేవారు కాదు. రూళ్ళ కాగితం సన్నగా కత్తిరించి, మైదాపిండి జిగురుతో ఆ రాత మీద అంటించేవారు. నేను యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ చదివింది ఆ అతుకుల పుస్తకాల్లోనే. కథను ఎలా పరుగెత్తించాలో, పేరా ఎక్కడ తెంచాలో, సంభాషణ ఎంత పొట్టిగా ఉండాలో కొమ్మూరి గారి దగ్గరే పట్టుకున్నాను. తర్వాత నేను చదివిన ఏ దేశపు రచయితా ఆ విషయంలో ఆయన్ని నా మనసులోంచి తీసెయ్యలేదు.

పుస్తకం తిరిగిచ్చేటప్పుడు మాస్టారు ఒక ప్రశ్న వేసేవారు. హంతకుణ్ణి ముందే కనిపెట్టావా అని అందరూ అడుగుతారు. ఆయన మాత్రం “ఎవరి మీద జాలేసిందిరా?” అనేవారు. చాలాసార్లు మా దగ్గర జవాబు ఉండేది కాదు. చచ్చినవాడు లక్షాధికారి, చంపినవాడు దుర్మార్గుడు, పట్టుకున్నవాడు తెలివైనవాడు. జాలిపడడానికి ఎవరూ మిగిలేవారు కాదు.

ఆ ప్రశ్నకు నాకు మొదటిసారి జవాబు దొరికింది అగథా క్రిస్టీలో. క్రిస్టీ అంటే గళ్ళనుడికట్టు లాంటి కథలని కొట్టిపారేసేవాళ్ళున్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో టార్కీ ఆసుపత్రిలో మందులు కలిపే పని చేసి విషాలు నేర్చుకుందని, ఆ తెలివే నవలల్లో పెట్టిందని అంటారు. అది నిజమే, కానీ అంతే కాదు. 1953లో వచ్చిన ‘ఎ పాకెట్ ఫుల్ ఆఫ్ రై’ తీసుకోండి. పెద్ద వ్యాపారస్థుడు విషంతో పోతాడు. వెనకే భార్య పోతుంది. ఆ ఇంట్లో పనిచేసే గ్లాడిస్ అనే పిల్లను ఎవరో పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర ఉరిబిగించి చంపుతారు. చంపి, ముక్కుకు బట్టల క్లిప్పు పెడతారు.

ఆ క్లిప్పు దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. కథకు అది అవసరమే, ఒక పిల్లల పాట ప్రకారం హత్యలు జరుగుతున్నట్టు నమ్మించడానికి హంతకుడు పెట్టాడు. నేరాలు ఛేదించే ముసలావిడ మిస్ మార్పుల్ మాత్రం దాన్ని ఆధారంగా చూడదు, అవమానంగా చూస్తుంది. గ్లాడిస్ అనాథ. మిస్ మార్పులే ఇంట్లో పెట్టుకుని పని నేర్పింది. అందగత్తె కాదు, చురుకైంది కాదు, సినిమాల్లో చూసిన ప్రేమ తనకూ దొరుకుతుందని నమ్మిన పిల్ల. ఆ నమ్మకాన్నే ఒకడు వాడుకున్నాడు. పోలీసులకు ముఖ్యం వ్యాపారస్థుడి చావు. ముసలావిడ రైలెక్కి వచ్చింది మాత్రం గ్లాడిస్ కోసం, ఆ క్లిప్పు మీద కోపంతో. నవల చివర, అంతా తేలిపోయాక, ఆలస్యంగా చేరిన ఒక ఉత్తరం ఉంటుంది. గ్లాడిస్ రాసింది. అందులో తన ప్రియుడి ఫోటో పెట్టింది. నిజం మొదటినుంచీ ఆ పిల్ల దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు. ఆ పేజీ చదివాక మాస్టారి దగ్గరికి వెళ్ళి పేరు చెప్పాను. ఆయన తల ఊపి, ఖాతాలో పుస్తకం జమ రాసుకున్నారు.

తెర మీద ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నది జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. 1931లో తీసిన ‘ఎం’ అతని మొదటి మాటల సినిమా. బెర్లిన్‌లో ఒకడు పసిపిల్లలను చంపుతుంటాడు. పోలీసులు ఊరంతా జల్లెడ పట్టినా దొరకడు. ఆ సోదాలతో తమ వ్యాపారాలు దెబ్బతింటున్నాయని దొంగల ముఠాలు కూడా వెతకడం మొదలెడతాయి. ఎవరిని పెట్టి వెతికించాలి? బిచ్చగాళ్ళను. వాళ్ళకు వీధులు పంచి కాపలా పెడతారు, ఎందుకంటే వీధి మలుపులో బిచ్చగాణ్ణి ఎవరూ పట్టించుకోరు. చివరికి హంతకుణ్ణి గుర్తుపట్టేది చూపులేని బుడగలమ్మే ముసలివాడు. పాప హత్యకు గురైన రోజు ఆమెకు బుడగ కొనిచ్చిన మనిషి ఈల వేశాడు. అదే ఈల మళ్ళీ వినబడింది. ఒక కుర్రాడు అరచేతిలో సుద్దతో ‘ఎం’ అనే అక్షరం రాసుకుని, తూలిపడ్డట్టు నటించి ఆ మనిషి భుజం మీద చరుస్తాడు. ముద్ర కోటు మీద పడుతుంది. హంతకుడిగా వేసిన పీటర్ లోరీకి ఈల వేయడం రాకపోతే దర్శకుడే వేశాడు. సినిమాకు మాటలొచ్చిన తొలి రోజుల్లోనే, శబ్దం ఒక సాక్షి కాగలదని లాంగ్ కనిపెట్టాడు. మన దగ్గర 1985లో వంశీ ‘అన్వేషణ’లో అడవి శబ్దాలనూ ఇళయరాజా సంగీతాన్నీ అల్లిన తీరు చూసినప్పుడల్లా నాకు లాంగ్ గుర్తొస్తాడు. ఆ సినిమాలో భయమంతా చెవుల్లోంచే ఎక్కుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తాను. జపాన్ రచయిత సెయిచో మాత్సుమోతో ‘పాయింట్స్ అండ్ లైన్స్’ 1958లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు ఒక యాత్రల పత్రికలో సీరియల్‌గా నడిచింది. ఫుకుఓకా దగ్గర సముద్రపొడ్డున ఒక గవర్నమెంటు ఉద్యోగీ, ఒక హోటల్లో పనిచేసే అమ్మాయీ పక్కపక్కన చచ్చిపడి ఉంటారు. ప్రేమికులు విషం తాగారని అందరూ అనుకుంటారు. టోక్యో స్టేషన్లో ఇద్దరూ కలిసి రైలెక్కడం చూశామని ఆ అమ్మాయితో పనిచేసే ఇద్దరు అమ్మాయిలు చెబుతారు. నిజంగానే చూశారు. పదమూడో ప్లాట్‌ఫారం మీద నిలబడి పదిహేనో ప్లాట్‌ఫారం మీది రైలును చూశారు. మధ్యలో రైళ్ళు వస్తూ పోతూ ఉండే ఆ స్టేషన్లో, ఈ ప్లాట్‌ఫారం నుంచి ఆ ప్లాట్‌ఫారం కనబడేది సాయంత్రం పూట 4 నిమిషాలే. సరిగ్గా ఆ 4 నిమిషాల్లో వాళ్ళిద్దరూ అక్కడ ఉండడం కాకతాళీయమా? వాళ్ళను అక్కడికి తీసుకొచ్చింది ఎవరు?

ఇక్కడ ఆపేస్తాను, చదవనివాళ్ళకు అన్యాయం చేయను. కానీ ఆ ఎత్తుగడ చూడండి. హంతకుడు అబద్ధపు సాక్షులను పెట్టలేదు. నిజం చెప్పే అమాయకులను ఏరి, వాళ్ళు ఏం చూడాలో ఏర్పాటు చేశాడు. దీన్ని ఛేదించే మొదటి మనిషి తోరిగాయి అనే ముసలి డిటెక్టివ్. మాసిన కోటు, పెద్దగా పదోన్నతి లేని ఉద్యోగం. చచ్చిపోయినతని జేబులో రైలు భోజనం బిల్లు దొరికింది. అందులో ఒక్కరికే భోజనం అని ఉంది. ప్రాణాలు తీసుకోబోయే ప్రేమికులు రైల్లో విడివిడిగా తింటారా అన్నది అతని సందేహం. ఎంత చిన్న కాగితం! సంసారం చేసిన మనిషికి తప్ప ఆ సందేహం రాదు.

ఇప్పుడు ‘దృశ్యం’ గుర్తు తెచ్చుకోండి. జీతూ జోసెఫ్ మలయాళంలో 2013లో తీశాడు, మరుసటి ఏడు వెంకటేష్‌తో తెలుగులో వచ్చింది. నాయకుడు పెద్దగా చదువుకోని కేబుల్ టీవీ ఆపరేటర్. ఒక కుర్రాడి చావు మీద పడకుండా తన కుటుంబాన్ని కాపాడుకోవడానికి అతను ఎవరి దగ్గరికి వెళతాడు? బస్సు కండక్టరు, హోటల్ మనిషి, లాడ్జి వాళ్ళు, సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపేవాడు. వాళ్ళ జ్ఞాపకంలో తన కుటుంబాన్నీ, ఒక తేదీనీ నాటుతాడు. పోలీసులు విడదీసి అడిగినా వాళ్ళు చెప్పేది తాము నిజమని నమ్మినదే. మాత్సుమోతో హంతకుడిదీ ఇదే పద్ధతి. తేడా ఒకటుంది, నాకు అదే పెద్దది. అక్కడ పైవాడు కిందివాళ్ళను వాడుకున్నాడు. ఇక్కడ సాటివాడు సాటివాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. కండక్టరు రోజుకు ఎన్ని ముఖాలు చూస్తాడో, ఏది గుర్తుంటుందో కేబుల్ ఆపరేటర్‌కు తెలుసు, ఎందుకంటే అతనూ ఇంటింటికీ తిరిగి డబ్బు వసూలు చేసుకునే మనిషే. ఆ కేసు వెంటపడ్డ ఐజీకి అది తెలియదు. అందుకే ప్రేక్షకుడు ఒక నేరం దాగిపోవాలని కోరుకుంటూ కూర్చుంటాడు. అలా కోరుకోవడం సరైనదేనా అన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. చనిపోయిన కుర్రాడికీ ఒక తల్లి ఉంది, సినిమా ఆ తల్లిని మరిచిపోలేదు. అందుకే దాని మీద నాకు గౌరవం.

జపాన్‌లోనే ఇంకొకరు దర్శకుడు కురొసావా. ‘స్ట్రే డాగ్’ తీసేముందు, నేరకథల రచయిత సిమెనాన్ ధోరణిలో రాయాలని ఆ కథను మొదట నవలగా రాసుకున్నాడు. ఆ సిమెనాన్ పుట్టింది బెల్జియంలోని లియేజ్‌లో. తల్లి ఇంట్లో పరదేశీ విద్యార్థులకు గదులు అద్దెకిచ్చేది. పదహారేళ్ళు నిండకముందే పత్రికా విలేకరి. మరీ సాహిత్యం ఒలకబోస్తున్నావు, తగ్గించమని రచయిత్రి కొలెట్ ఇచ్చిన సలహాను జీవితాంతం పాటించాడు. అతని ఇన్‌స్పెక్టర్ మెగ్రే 75 నవలల్లో కనిపిస్తాడు. ఎక్కువ కేసుల్లో అతను చేసేది ఒక ఇంట్లోనో, కాఫీ హోటల్లోనో కూర్చుని, అక్కడి మనుషుల బతుకు తనకు పట్టుబడేదాకా కదలకపోవడం. భవనం కాపలా చూసే ఆవిడతో మాట్లాడే పేజీలు నాకు హత్య పేజీల కంటే ఇష్టం.

కురొసావా 1963లో ‘హై అండ్ లో’ తీశాడు. అమెరికన్ రచయిత ఎడ్ మెక్‌బెయిన్ నవల ఆధారం. కొండ మీద ఇల్లున్న చెప్పుల కంపెనీ పెద్దమనిషి కొడుకుని ఎత్తుకుపోబోయి, పొరపాటున డ్రైవర్ కొడుకుని ఎత్తుకుపోతారు. అయినా డబ్బు ఈయనే కట్టాలంటారు. కడితే ఈయన దివాలా. సినిమా సగం దాకా ఆ ఇంటి హాలు దాటదు. అందరూ సోఫాల్లో కూర్చుని చర్చిస్తుంటే డ్రైవర్ ఒక మూల తలవంచుకుని నిలబడి ఉంటాడు. పోయింది అతని కొడుకు. గదిలో అందరికంటే తక్కువ మాట్లాడేది అతనే. కురొసావా కెమెరా అతని వీపును ఎంతసేపు చూపిస్తుందో చూడండి. ఏడ్చే ముఖం చూపించి ఉంటే మనం జాలిపడి ఊరుకునేవాళ్ళం. వీపు చూపించాడు కాబట్టి ఆ గదిలో కూర్చున్నందుకు మనకు సిగ్గేస్తుంది.

తర్వాత దర్యాప్తు మొదలవుతుంది. టెలిఫోన్ రికార్డింగులో వెనకాల ఏదో ట్రాలీ బండి శబ్దం. పెద్ద అధికారులకు అర్థం కాదు, రైల్వేలో పనిచేసే మనిషి విని అది ఏ లైనుదో చెప్పేస్తాడు. డబ్బు పెట్టెను కాలిస్తే గులాబీ రంగు పొగ వచ్చేలా పోలీసులు మందు పెడతారు. నలుపు తెలుపు సినిమాలో ఆ పొగ ఒక్కటే రంగులో లేస్తుంది. అక్కడికి వెళితే చెత్త కాల్చే మనిషి, పెట్టె తెచ్చింది ఎవరో చెబుతాడు. ఈలోగా డ్రైవర్ తన పిల్లవాణ్ణి కార్లో కూర్చోబెట్టుకుని, దాచిన ఇల్లు గుర్తుపట్టమంటూ తిరుగుతుంటాడు. మొత్తం నగరం, కిందినుంచి పైకి, నోరు విప్పినట్టుంటుంది ఆ రెండో సగం.

స్వీడన్ జంట షోవాల్, వాలో కలిసి 1965 నుంచి 1975 దాకా పది నవలలు రాశారు. మొదటిది ‘రోజన్నా’. కాలువలో పూడిక తీస్తుంటే ఒక స్త్రీ శవం బయటపడుతుంది. ఎవరో తెలుసుకోవడానికే నెలలు పడుతుంది. ఆమె ప్రయాణించిన పడవలోని పర్యాటకుల ఫోటోలన్నీ తెప్పించుకుని, ఒకరి సంతోషపు ఫోటోలో వెనకాల పడ్డ మనుషులను పోలీసులు వెతుకుతారు. ఎవరి ఫోటోలోనో వెనకాల పడ్డ మనిషి! మన పెళ్ళి ఆల్బములు చూసినప్పుడు వడ్డించేవాళ్ళ మీద నా కన్ను పోవడం ఆ నవల చదివాకే మొదలైంది. హతురాలిని ఆ ఇద్దరూ శవంగా వదిలేయలేదు. ఆమె ఎలాంటి మనిషో, ఏం ఇష్టపడేదో తెలిసేదాకా హంతకుడి ఊసే లేదు. ఇవాళ్టి థ్రిల్లర్లలో ఆడపిల్లల శవాలను పోస్టరు కోసం వాడుకుంటున్న తీరు చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. ‘రోజన్నా’ ఒక్కసారి చదివినవాళ్ళు అలా రాయలేరు.

టీవీ డిటెక్టివ్ కొలంబో గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. దోస్తోయెవ్‌స్కీ ‘నేరము శిక్ష’లోని పోర్ఫిరీ నుంచే ఆ పాత్రను తెచ్చుకున్నామని సృష్టికర్తలు చెప్పారు. నలిగిన కోటు తొడుక్కుని ఆ పాత్ర వేసిన పీటర్ ఫాక్‌ను చూసి ప్రతి ధనవంతుడూ వీడేం చేయగలడులే అనుకుంటాడు. అక్కడ లెక్కలోకి రాని మనిషి స్వయంగా పోలీసే.

ఇంక మన సంగతి. తెలుగు నేరకథకు వేగం ఉంది, ఎత్తుగడలు ఉన్నాయి, వందల నవలలు ఉన్నాయి. కానీ మన కథల్లో వంటమనిషి పని ఏమిటి? పొద్దున్నే తలుపు తీసి, శవాన్ని చూసి, కెవ్వుమని అరవడం. తోటమాలి పని అనుమానంగా చూడడం. ఆ తర్వాత వాళ్ళు కథలో ఉండరు. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు తిన్నారో, ఎవరి పక్క నలగలేదో, ఎవరి చొక్కా ఉతుకుడుకు రాలేదో తెలిసిన మనిషిని అరిపించి పంపేస్తున్నాం. ఇది కళకు నష్టమని మాత్రమే నేను అనడం లేదు, ఇది అన్యాయం కూడా.

నేర పరిశోధన చరిత్రలోనే ఈ అన్యాయం ఉంది. వేలిముద్రలను వర్గీకరించి వెతికే పద్ధతిని ప్రపంచమంతా ‘హెన్రీ పద్ధతి’ అంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టినప్పుడు ఎడ్వర్డ్ హెన్రీ అక్కడ పోలీసు పెద్ద. దాని వెనక లెక్కలు కట్టి, అరలు వేసి, పని నడిపించింది కాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్లు. వాళ్ళ పేర్లు పైకి రావడానికి చాలాకాలం పట్టింది.

ఇప్పుడు సీసీ కెమెరాలు వచ్చాయి, సెల్ టవర్లు వచ్చాయి, ఇక సాక్షుల కథలెందుకు అని కుర్ర రచయితలు నన్ను అడుగుతున్నారు. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022లో కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. నగరమంతా అక్కడ గోడ మీద కనబడుతుంది. కానీ కెమెరా చూడదు, నమోదు చేస్తుంది. చూడాల్సింది మనిషి. ఆ పని చేసే ఒక కానిస్టేబుల్‌తో ఈమధ్య చాలాసేపు మాట్లాడాను. రాత్రి డ్యూటీలో ఒకే కూడలి ఫుటేజీని వెనక్కీ ముందుకీ తిప్పుతుంటే ముఖాలన్నీ ఒకటైపోతాయట. నడక మాత్రం మారదట. ఎడమ కాలు కాస్త ఈడ్చడం, చెప్పు జారితే వేళ్ళు బిగించడం, చేతిసంచీ భుజం మార్చుకునే తీరు. అలాంటి ఒక చెప్పు వల్లే తనొక మనిషిని పట్టుకున్నానని చెప్పింది. మర్నాడు పత్రికల్లో ‘సీసీ కెమెరాల ఆధారంగా నిందితుణ్ణి గుర్తించారు’ అని వచ్చింది.

గుర్తించింది ఎవరో ఆ వార్తలో లేదు. ఇప్పుడు రాస్తున్న నవలలో ఆ పని చేసే మనిషికి ఒక పేరు పెట్టాను, షిఫ్టు వేశాను, తెల్లవారుజామున ఇంటికి పోయే బస్సు ఏదో రాసుకున్నాను. హంతకుడు ఎవరన్నది ఇంకా తేల్చుకోలేదు. అది ఆమె చూశాకే నాకూ తెలుస్తుంది.